దంపతుల్లో ఒకరు చదువుతుంటే ఇల్లు నడపడం ఎలా? నెల లెక్క కాదు, సెమిస్టర్ లెక్క

ఇంట్లో ఒకరు ఉద్యోగం మానేసి చదువుకు వెళ్తున్నారు, మిగిలిన ఒక్క జీతంతో ఇల్లెలా నెట్టుకురావాలి అని అడిగేవాళ్లను ముందు ఒక మాట అడుగుతాను: నెల లెక్క రాసుకున్నారా, సెమిస్టర్ లెక్క రాసుకున్నారా? చాలామంది దగ్గర నెల లెక్క ఉంటుంది. అందులో తప్పేమీ ఉండదు కూడా. అయినా ఫీజు కట్టే వారం వచ్చేసరికి చేతిలో డబ్బుండదు. జీతం నెలనెలా వస్తుంది, చదువు ఖర్చు మాత్రం ఆర్నెల్లకోసారి ఒక్కసారిగా మీద పడుతుంది. చిక్కంతా అక్కడే. అందుకే కింద చెప్పే పద్ధతి మొత్తం సెమిస్టర్ చుట్టూ తిరుగుతుంది.

## 1. చేరకముందు: అసలు ఖర్చెంతో తేల్చుకోండి

కాలేజీ చెప్పే ఫీజు అసలు ఖర్చులో ఒక భాగమే. ఒక కాగితం తీసుకుని ఇవన్నీ రాయండి:

- ట్యూషన్ ఫీజు, రిజిస్ట్రేషన్, ల్యాబ్, లైబ్రరీ, డిపాజిట్
- పరీక్ష ఫీజు, తప్పితే మళ్లీ రాసే ఫీజు
- ల్యాప్‌టాప్, పుస్తకాలు, ప్రింట్లు, ఇంటర్నెట్
- రోజూ వెళ్లిరావడానికయ్యే ఖర్చు, లేదంటే విడిగా గది అద్దె
- ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ ఖర్చులు (జీతం ఇవ్వని ఇంటర్న్‌షిప్ అయితే ఆ నెలల్లో ప్రయాణం, తిండి కూడా)
- ఇన్నాళ్లూ చదివే మనిషి ఇంట్లో చేసిన పనికి ఇప్పుడు పెట్టాల్సిన ఖర్చు: పిల్లల సంరక్షణ, పనిమనిషి, ట్యూషన్
- ఆగిపోయే జీతం

చివరి రెండింటినీ జనం మర్చిపోతారు. ఆగిపోయే జీతంతోపాటు ఆ ఉద్యోగం వల్ల వచ్చే ఆరోగ్య బీమా కూడా పోతుందేమో చూడండి. ఇంటిల్లిపాదికీ బీమా ఆ ఉద్యోగం మీదే ఉంటే, రాజీనామా ఇచ్చేలోపే కొత్త పాలసీ తీసుకోవాలి. కొన్ని జబ్బులకు మొదటి రోజు నుంచే కవరేజీ రాదు, కాబట్టి మధ్యలో ఖాళీ రానివ్వకండి. ఇల్లంతా ఒక్క జీతం మీద నిలబడుతుంది కాబట్టి, సంపాదించే మనిషి పేరు మీద టర్మ్ బీమా (ఆ మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా) ఉండాలి. టైట్ బడ్జెట్‌లో ఏది తగ్గించినా ఈ రెండు బీమాలనూ తగ్గించకండి.

ఇంకొకటి. చదువు పూర్తయిన మర్నాటి నుంచే జీతం మొదలవదు. కోర్సు 24 నెలలైతే మీ లెక్క 24 నెలలకు కాదు, కనీసం 28 నుంచి 30 నెలలకు వేయండి.

చేరే రోజుకు చేతిలో ఉండాల్సినవి:

- మొదటి సెమిస్టర్ షీటులో వచ్చే అన్నిటికన్నా పెద్ద మైనస్‌కు సరిపడా డబ్బు (అదేంటో, ఎంతో 2వ భాగంలో)
- తప్పనిసరి ఖర్చులకు కనీసం 1 నెల నిల్వ. 3 నెలలదైతే నిద్ర పడుతుంది.
- క్రెడిట్ కార్డు బాకీ సున్నా

## 2. సెమిస్టర్ షీటు వేయడం

ఇది నిదానంగా చదవండి. మిగతా భాగాలన్నీ దీని మీదే ఆధారపడతాయి.

కాగితం మీద ఆరు నిలువు గళ్లు గీయండి, ఒక్కో నెలకు ఒకటి. ప్రతి గడిలో వచ్చేది, నెల ఖర్చు, ఆ నెలలో మాత్రమే వచ్చే పెద్ద ఖర్చు రాసి, అట్టడుగున చేతిలో మిగిలేది వేయండి. ఈ నెల మిగులు వచ్చే నెల గడిలోకి వెళ్తుంది. తక్కువైతే మైనస్ గుర్తుతో అలాగే వెళ్తుంది. దాన్ని సున్నా చేసి మొదలుపెడితే షీటు వేసి లాభం లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. జీతం 100 అనుకుందాం. అద్దె, కరెంటు, పిల్లల స్కూలు, బీమా లాంటి కదలని ఖర్చులు 62. కిరాణా, ప్రయాణం, చిల్లర ఖర్చులు 25. నెలకు 13 మిగులుతుంది. ఆర్నెల్లకు 78.

ఇప్పుడు పెద్ద ఖర్చులు: 1వ నెలలో ఫీజు 60, పుస్తకాలు 8. 3వ నెలలో ఇంటి మరమ్మతులు 10. 4వ నెలలో పరీక్ష ఫీజు 6. మొత్తం 84.

పైపైన చూస్తే 78 ఉంది, 84 కావాలి, తక్కువయ్యేది 6 మాత్రమే. ఎలాగోలా సర్దుకోవచ్చులే అనిపిస్తుంది. గళ్లు నింపి చూడండి:

- 1వ నెల: మిగులు 13, ఖర్చు 68. చేతిలో -55
- 2వ నెల: -42
- 3వ నెల: మరమ్మతులకు 10 పోయాక -39
- 4వ నెల: పరీక్ష ఫీజు 6 పోయాక -32
- 5వ నెల: -19
- 6వ నెల: -6

ఆర్నెల్ల లోటు 6 అయితే, మొదటి నెలలోనే కావాల్సింది 55. అంటే సగం జీతం కన్నా ఎక్కువ. ఆ 55 ముందే చేతిలో లేకపోతే కార్డు గీకుతారు, లేదా ఎవరినో అడుగుతారు. నెల లెక్క కళ్లకు కనిపించనివ్వనిది ఈ 55నే.

షీటులో రెండు అంకెలకు గుండ్రం చుట్టండి. ఒకటి అన్నిటికన్నా పెద్ద మైనస్ (ఇక్కడ 55). చేరేముందు కూడబెట్టుకోవాల్సింది అంత. రెండోది చివరి నెల మైనస్ (ఇక్కడ 6). సెమిస్టర్‌కు అంత చొప్పున మీ నిల్వ కరుగుతుంది. అది ఆగాలంటే నెలకు 1 చొప్పున ఖర్చు తగ్గాలి, లేదా ఆదాయం పెరగాలి. మొదటిది పొదుపుతోనూ తేదీలతోనూ తీరే సమస్య. రెండోది అలవాట్లతో తీరే సమస్య. ఈ రెండూ కలిపేసుకుని, ఫీజు కట్టలేకపోయామని కిరాణాలో కోత పెట్టి కూర్చుంటారు కొందరు. కిరాణాలో ఎంత కోసినా మొదటి నెల 55 పుట్టదు.

## 3. పెద్ద మైనస్‌ను తగ్గించడం, ఈ వరుసలోనే

ఖర్చు తగ్గించేముందు తేదీలు కదపండి. దానికి పైసా ఖర్చు లేదు.

ముందు వాయిదాలు అడగండి. పై ఉదాహరణలో ఫీజు 60ని మొదటి మూడు నెలల్లో 20 చొప్పున కట్టనిస్తే, మైనస్‌లు -15, -22, -39, -32 అలా వెళ్తాయి. పెద్ద మైనస్ 55 నుంచి 39కి దిగింది. అకౌంట్స్ సెక్షన్‌లో వాయిదాల గురించి నోటీసు బోర్డు మీద రాసి పెట్టకపోవచ్చు. గడువుకు నెల ముందే రాతపూర్వకంగా అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ, గడువు రోజున అడిగితే తక్కువ. వాయిదాకు అదనపు రుసుము ఉందో లేదో కూడా అప్పుడే కనుక్కోండి.

తర్వాత కదిలే ఖర్చులను జరపండి. మరమ్మతులను 3వ నెల నుంచి 6వ నెలకు జరిపితే పెద్ద మైనస్ 29కి వస్తుంది. 55 నుంచి 29. ఇంకా ఒక్క ఖర్చు కూడా తగ్గించలేదు, గమనించండి. కానీ చివరి నెల మైనస్ 6 అలాగే ఉంది. తేదీలు దాన్ని మార్చలేవు.

ఆ తర్వాతే కోత. కోతలో కూడా ఒక్క నిర్ణయంతో నెలనెలా మిగిలేవి ముందు చూడండి: వాడని సబ్‌స్క్రిప్షన్లు, పెద్ద డేటా ప్లాను, రెండో బండి, అద్దె. రోజూ మనసు చంపుకుని మిగిల్చే చిల్లర తర్వాత. రెండు మూడు వారాలు బాగానే సాగుతుంది, నాలుగో వారం గట్టు తెగుతుంది.

చివరగా ఆదాయం. స్కాలర్‌షిప్, ఫీజు రాయితీ, టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్ పని, లైబ్రరీలో పార్ట్‌టైమ్. వీటికి తేదీలు చాలా ముందే ఉంటాయి కాబట్టి చేరిన వారంలోనే విద్యార్థి సేవల విభాగానికి వెళ్లి అడగండి. పార్ట్‌టైమ్ ఒప్పుకునేముందు 7వ భాగంలోని గంటల లెక్క వేసుకోండి.

## 4. అప్పు తప్పకపోతే

చదువుకు లోన్ తీసుకోవడం తప్పు కాదు. అది ఎలా పెరుగుతుందో తెలియకుండా తీసుకోవడమే ప్రమాదం.

లోన్ 100, వడ్డీ ఏడాదికి 10 శాతం, చదువు 2 ఏళ్లు, ఆపైన వాయిదాలు మొదలవడానికి ఇంకో ఏడాది గడువు అనుకోండి. ఈ మూడేళ్లూ ఏమీ కట్టకపోతే బారువడ్డీ లెక్కన బాకీ 130. ఏటా వడ్డీని అసలులో కలిపితే 133 దాటుతుంది. అదే వడ్డీ మాత్రం ఎప్పటికప్పుడు కడితే, అంటే ఏడాదికి 10, నెలకు 1 కన్నా తక్కువ, మొదటి వాయిదా రోజున బాకీ 100గానే ఉంటుంది. షీటులో ఎక్కడైనా ఆ కాస్త చోటుంటే, పెట్టాల్సింది అక్కడే.

- మొత్తం ఒకేసారి తీసుకోకండి. సెమిస్టర్ వారీగా విడుదల చేయించుకుంటే, విడుదలైన మొత్తం మీదే వడ్డీ పడుతుంది.
- చదువు కాలంలో వడ్డీ బారువడ్డీయా, చక్రవడ్డీయా అని రాతలో తీసుకోండి.
- ముందే తీర్చేస్తే జరిమానా ఉందా అడగండి.
- ఫీజుకు తెచ్చిన లోన్‌ను ఇంటి ఖర్చుకు వాడకండి. ఒక్కసారి అలవాటైతే షీటు అబద్ధాలు చెప్పడం మొదలుపెడుతుంది.

క్రెడిట్ కార్డు బాకీ సంగతి వేరు. నెలకు 3 శాతం అంటే చిన్నగానే వినిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి చక్రవడ్డీతో 42 శాతం దాటుతుంది. కనీస మొత్తం కట్టి ఊపిరి పీల్చుకోవడం అంటే ఈ వడ్డీకి ఒప్పుకోవడమే. ఫీజు కోసం కార్డు వాడాల్సి వస్తే, నెల తిరక్కుండా పూర్తిగా తీర్చే దారి షీటులో కనిపిస్తేనే వాడండి.

బంధువుల దగ్గర చేబదులు తీసుకుంటే ఎంత, ఎప్పుడు తిరిగిస్తారు అన్నది ఒక మెసేజ్‌గా పంపించండి. వాళ్లు అడగకపోయినా సరే.

## 5. నెలవారీ డబ్బును విడదీయడం

యాప్‌లు, రంగురంగుల ఎక్సెల్ షీట్లు అక్కర్లేదు. మూడు అకౌంట్లు చాలు. జీతం పడిన రోజే, ఎవరూ చేయి పెట్టకముందే, డబ్బు తనంతట తానే వెళ్లేలా ఆటో ట్రాన్స్‌ఫర్ పెట్టండి.

1. జీతం పడే అకౌంటు: అద్దె, బిల్లులు, బీమా, స్కూలు ఫీజు ఇక్కడి నుంచే పోతాయి.
2. సెమిస్టర్ అకౌంటు: పై ఉదాహరణలోని 13 ఇక్కడికి. దీనికి కార్డు వద్దు, ఫోన్‌లో చెల్లింపుల యాప్‌కు కలపొద్దు.
3. వారం ఖర్చు అకౌంటు: కిరాణా, ప్రయాణం. నెల మొత్తాన్ని ఒకేసారి వేయకుండా వారానికింత అని వేయండి. అప్పుడు నెలాఖరు కటకట వారాంతం కటకటగా మారుతుంది, దాన్ని తట్టుకోవడం తేలిక.

వీటితోపాటు ఇద్దరికీ సమానంగా చేతిఖర్చు ఉండాలి. మొత్తం చిన్నదైనా ఫరవాలేదు, లెక్క మాత్రం అడగకూడదు. చదివే మనిషికి ఇది చాలా ముఖ్యం. నిన్నటిదాకా సంపాదించిన వ్యక్తి, ఇవాళ స్నేహితులతో టీ తాగడానికి డబ్బు అడగాల్సి వస్తే లోపల ఎలా ఉంటుందో నోరు తెరిచి చెప్పరు. అడక్కుండానే అకౌంట్లో పడితే ఆ ఇబ్బందే రాదు.

## 6. చదువు ఖర్చులో కోత

- పుస్తకాలు మొదటి రెండు వారాలు కొనకండి. సిలబస్‌లో ఉన్నవన్నీ క్లాసులో వాడరు. ముందు లైబ్రరీ, తర్వాత సీనియర్లు, ఆ తర్వాత పాత ఎడిషన్లు.
- ఓపెన్‌స్టాక్స్ సైట్‌లో గణితం, భౌతికశాస్త్రం, ఆర్థికశాస్త్రం లాంటి సబ్జెక్టులకు పూర్తి పాఠ్యపుస్తకాలు ఉచితం.
- డాక్యుమెంట్లకు లిబ్రేఆఫీస్, రిఫరెన్సులకు జొటెరో ఉచితం. డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్‌కు కాలేజీ ఈమెయిల్‌తో విద్యార్థి లైసెన్సు వస్తుందేమో ముందు చూడండి.
- ల్యాప్‌టాప్ పాతది కొంటుంటే ఛార్జర్ పీకేసి గంటసేపు నడిపి చూడండి. బ్యాటరీ, కీబోర్డు, కెమెరా, మైకు అన్నీ పనిచేయాలి.

తగ్గించకూడనిది ఒకటుంది: పరీక్ష తప్పే ప్రమాదాన్ని పెంచే ఏ పొదుపూ పొదుపు కాదు. ఒక సెమిస్టర్ ఎక్కువ పట్టిందంటే ఆర్నెల్ల జీతం పోయినట్టే.

## 7. గంటల బడ్జెట్

వారానికి 168 గంటలు. చదివే మనిషికి క్లాసులు 15 గంటలనుకోండి. క్లాసు గంటకు బయట 2 గంటలు చదవాలన్న లెక్క ప్రకారం ఇంకో 30. మొత్తం 45. ప్రయాణం కలిపితే ఇది పూర్తి ఉద్యోగమే. ఇంట్లోనే ఉంటున్నారు కదా అని బ్యాంకు పని, పిల్లల్ని తీసుకురావడం, గ్యాస్ బుకింగ్ అన్నీ వాళ్ల మీద పడటం దాదాపు ప్రతి ఇంట్లో జరిగేదే. ఒక్కొక్కటీ పది నిమిషాల పనే, కానీ చదువు మధ్యలో లేచిన ప్రతిసారీ మళ్లీ కుదురుకోవడానికి ఇంకో పావుగంట పోతుంది.

చేయాల్సింది:

1. ఇంటి పనులన్నీ ఒక జాబితా రాయండి, ఎవరికీ కనిపించని వాటితో సహా (యూనిఫాంలు ఉతకడం, మందులు అయిపోతున్నాయని చూసుకోవడం).
2. ప్రతి పనికీ ఒక్క పేరే రాయండి. ఇద్దరిదీ అని రాస్తే ఎవరూ చేయరు.
3. చదివే గంటలను గోడ మీద క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. పిల్లలకు అర్థమయ్యేలా తలుపుకు ఏదైనా గుర్తు తగిలించండి. గుర్తు తీసేసిన తర్వాత ఓ అరగంట పూర్తిగా పిల్లలదే.
4. సంపాదించే మనిషికి కూడా వారంలో ఒక పూట ఏ పనీ లేకుండా వదిలేయండి.

పరీక్షల వారానికి వేరే ఏర్పాటు కావాలి. ముందు ఆదివారమే బట్టలన్నీ ఉతికి, వారానికి సరిపడా సరుకులు తెచ్చి, రెండు మూడు రకాల వంటలే తిప్పి తిప్పి వండుకోవడానికి ఒప్పుకోండి. ఇల్లు కాస్త చిందరవందరగా ఉంటుంది. ఉండనివ్వండి. ఈ ఏర్పాటు లేకపోతే ఆ వారమంతా బయటి తిండికి పోయే డబ్బు, నెలంతా మిగిల్చినదాన్ని మింగేస్తుంది.

## 8. వారానికి 20 నిమిషాలు

వారంలో ఒకే రోజు, ఒకే సమయానికి ఇద్దరూ కూర్చోండి. తిన్నాక కూర్చోండి, ఆకలితో డబ్బు మాటలు వద్దు. ఒకరు ఫోన్‌లో బ్యాంకు మెసేజ్‌లు చదువుతుంటే ఇంకొకరు నోట్‌బుక్‌లో రాయాలి. వరుస ఇదీ: ఈ వారం ఎంత పోయింది, వచ్చే వారం ఏముంది, సెమిస్టర్ షీటులో ఏ గడి మారింది.

మాట్లాడే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. "మళ్లీ పుస్తకమా?" అంటే అక్కడితో తలుపు మూసుకుపోతుంది. "ఆ పుస్తకం ఈ నెల గడిలో పట్టదు, వచ్చే నెల ఒకటో తారీఖుకు కుదురుతుంది, అప్పటిదాకా లైబ్రరీది సరిపోతుందా?" అంటే ఇద్దరూ కలిసి షీటును చూస్తారు, ఒకరినొకరు కాదు. అవతలివైపు నుంచి కూడా అంతే. "నాకు పరీక్షలు, డబ్బు సంగతి నువ్వే చూసుకో" అని లెక్క నుంచి తప్పుకుంటే, ఒంటరిగా మోసే మనిషికి టెన్షన్ రెట్టింపవుతుంది.

20 నిమిషాలయ్యాక ఆపేయండి. మిగతా రోజుల్లో ఎవరికైనా ఏదైనా తోస్తే నోట్‌బుక్‌లో రాసిపెట్టి, ఆ రోజుకే ఉంచండి.

## 9. తరచూ జరిగే తప్పులు, వాటి దిద్దుబాటు

మొదటి నెలలోనే ఖర్చును సగానికి కోసేయడం. రెండో నెలలో విసిగి మొత్తం వదిలేస్తారు. దిద్దుబాటు: ముందు ఒక నెల ఏమీ మార్చకుండా రాయండి, తర్వాత నెలకు రెండు మార్పులకు మించి చేయకండి.

అత్యవసర నిల్వను ఫీజుకు వాడేయడం. అప్పటికే వాడేసి ఉంటే, సెమిస్టర్ అకౌంటుకు వెళ్లే డబ్బులోంచి నెలకు కొంత తిరిగి నిల్వకు మళ్లించి, షీటు మళ్లీ వేయండి. పెద్ద మైనస్ మారిపోయి ఉంటుంది.

సంపాదించే మనిషి ఓవర్‌టైమ్ మీద బడ్జెట్ వేయడం. ఖాయంగా వచ్చేదే షీటులో జీతంగా రాయండి. ఓవర్‌టైమ్, బోనస్ వచ్చాకే గడిలోకి ఎక్కాలి.

పరువు ఖర్చులు. బంధువుల ఇంటి వేడుకలు, బహుమతులు. వద్దనలేరు కాబట్టి సెమిస్టర్‌కు ఇంత అని ముందే ఒక గడి పెట్టండి. అయిపోతే చదువు పూర్తయ్యేదాకా ఇంతేనండీ అని మొహమాటం లేకుండా చెప్పేయొచ్చు.

పిల్లలకు చెప్పకపోవడం. అప్పుల లెక్కలు చెప్పనక్కర్లేదు. అమ్మో నాన్నో చదువుకుంటున్నారు, ఫలానా నెల దాకా కొన్ని కొనం అని చెబితే చాలు. అడిగినప్పుడల్లా రేపు, ఎల్లుండి అంటే మాత్రం రోజూ అడుగుతారు.

## 10. ఆఖరి సెమిస్టర్, ఆ తర్వాత

ఆఖరి సెమిస్టర్ షీటుకు ఆరు గళ్లు చాలవు, పది వేయండి. పట్టా ఫీజు, ఇంటర్వ్యూలకు ప్రయాణాలు, బట్టలు, ఉద్యోగం వేరే ఊళ్లో వస్తే కొత్త ఇంటి అడ్వాన్సు, సామాను తరలింపు అన్నీ ఇందులోకి రావాలి. ఉద్యోగ వేట ప్రాజెక్టు ముగిశాక కాదు, సెమిస్టర్ మొదలైనప్పుడే ప్రారంభం కావాలి.

రెండో జీతం మొదలయ్యాక కనీసం 3 నెలలు పాత షీటు మీదే ఇల్లు నడపండి. ఆ డబ్బు ఈ వరుసలో వెళ్లాలి:

1. కార్డు బాకీ, చేబదుళ్లు
2. అత్యవసర నిల్వ 3 నెలల ఖర్చులకు చేరేదాకా
3. విద్యా లోన్ మొదటి రెండు వాయిదాలకు సరిపడా డబ్బు
4. సంపాదించిన మనిషి ఇన్నాళ్లూ వాయిదా వేసుకున్నది: పళ్ల వైద్యం, కళ్లజోడు, ఒక సెలవు, లేదా వాళ్ల చదువే

మొదటి వాయిదా తేదీ లోన్ పత్రంలో ఉంటుంది. చదువు పూర్తయిన తేదీ నుంచి లెక్కా, ఉద్యోగం వచ్చిన తేదీ నుంచి లెక్కా అన్నది కూడా అందులోనే చూసి, ఆ తేదీకి నెల ముందుగా ఇద్దరి ఫోన్లలోనూ అలారం పెట్టుకోండి.